ఓడ మీదికి సొంత సీసా: గిట్టుబాటు ఎంత?

(మా వాణిజ్య విలేఖరి)

రాజయ్యపేట (అనకాపల్లి జిల్లా): విహార నౌకలలో ప్రయాణించే తెలుగువారి సంఖ్య పెరిగినకొద్దీ ఒక చిన్న ప్రశ్న తరచు వినవస్తున్నది. ఓడలో ఒక గ్లాసు వైను ధర బయట సీసా ధరకన్నా ఎక్కువగా ఉన్నప్పుడు, మన సీసా మనమే వెంట తీసుకుపోతే ఏమి? పైకి తేలికగా కనిపించే ఈ ప్రశ్నలో ఓడ కంపెనీల నిబంధనలు, కస్టమ్స్ సుంకాలు, రాష్ట్ర ఎక్సైజ్ చట్టాలు ఇమిడి ఉన్నాయి. లెక్క తెలిసి తీసుకువెళ్ళినవారికి మిగులు ఉన్నది. తెలియక తీసుకువెళ్ళినవారికి సీసా పోవడమే కాక, కేసు తగులుకునే ప్రమాదమూ ఉన్నది.

ఈ సరుకు విషయంలో మొదట గుర్తుంచుకోవలసింది ఒకటే. సీసాలో ఉన్న ద్రాక్షరసం దాని ధరను నిర్ణయించదు. అది దాటి వచ్చే గుమ్మాలు నిర్ణయిస్తాయి. ఒక్కొక్క గుమ్మం దగ్గర ఒక్కొక్క ధర ఏర్పడుతుంది.

నక్కపల్లి మండలంలోని ఈ మత్స్యకార గ్రామం ముందున్నది బంగాళాఖాతం. విశాఖపట్నంలో బయలుదేరి పుదుచ్చేరికి పోయే నౌక దక్షిణానికి సాగిపోయేది ఈ తీరం వెంబడే. ఇక్కడి పడవలకు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. అది ముగిసి పడవలు సముద్రంలోకి దిగే రోజులూ, పశ్చిమ తీరంలో రుతుపవనాల ఉధృతికి విహార నౌక తూర్పు తీరానికి మళ్ళే రోజులూ దాదాపు ఒకటే. వేటకు పోయే పడవవాడు తన మంచినీళ్ళు, తన తిండి తానే మోసుకుపోతాడు. అతణ్ణి అడిగేవారు లేరు. విహార నౌక ఎక్కేవారికి అటువంటి స్వేచ్ఛ లేదు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

రంగూను ఓడల నాటి మాట

ఓడ మీదికి సొంత సామగ్రి తీసుకుపోవడం తెలుగువారికి కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి రంగూనుకు పోయే స్టీమర్లలో వేలాది కూలీలు డెక్కు టిక్కెట్టు మీద ప్రయాణించేవారు. తిండి సామగ్రి మూటగట్టుకుని ఎక్కడం అప్పటి వాడుక. ఆనాటి కంపెనీ అమ్మినది ప్రయాణాన్ని మాత్రమే. మనిషిని ఒక రేవులో ఎక్కించుకుని మరో రేవులో దింపడంతో దాని వ్యాపారం ముగిసేది. ప్రయాణికుడు మూటలో ఏమి తెచ్చుకున్నాడన్నది దాని లాభనష్టాలలోకి రాదు.

ఇప్పటి విహార నౌక కంపెనీ వ్యాపారం వేరు. దానికి టిక్కెట్టు మొదటి అమ్మకం మాత్రమే. అసలు బేరం ఓడ కదిలిన తరువాత మొదలవుతుంది. ప్రపంచంలో అతి పెద్ద విహార నౌక సంస్థ అయిన కార్నివాల్ కార్పొరేషన్ 2024 ఆర్థిక సంవత్సరపు లెక్కలు ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది మొత్తం రాబడి సుమారు 2,500 కోట్ల డాలర్లు. అందులో టిక్కెట్ల మీద వచ్చినది సుమారు 1,650 కోట్లు. మిగిలిన 850 కోట్ల పైచిలుకు డాలర్లు మద్యం, జూదశాల, దుకాణాలు, ఒడ్డున విహారయాత్రలు మొదలైన పద్దుల కింద వచ్చినవే. అంటే ప్రతి మూడు డాలర్లలో ఒకటి ఓడ మీద జరిగిన ఖర్చు అన్నమాట.

టిక్కెట్టు ధర చవకగా ఉంచడం కంపెనీకి సాధ్యమవుతున్నది ఈ మూడో డాలరు వల్లనే. కనుక ప్రయాణికుడు చేత పట్టుకుని వచ్చిన సీసా ఆ మూడో డాలరుకు పోటీ. సీసాల మీద ఆంక్షలకు భద్రత, క్రమశిక్షణ, మైనర్లకు మద్యం అందకుండా చూడడం అనే కారణాలు ఉన్నాయి. అవి అబద్ధం కాదు. అయితే ఆ కారణాలే సర్వస్వమైతే వైనుకు ఒక నియమం, విస్కీకి మరొక నియమం ఉండవు. రుసుము చెల్లించగానే ఆంక్ష సడలిపోవడమూ ఉండదు.

ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి

అమెరికాలోని తెలుగు కుటుంబాలు, అక్కడ పిల్లల వద్దకు వెళ్ళిన తల్లిదండ్రులు ఎక్కువగా ఎక్కేది మయామీ, పోర్ట్ కెనావరల్, గాల్వెస్టన్ రేవులలో. అక్కడి కంపెనీల ఇటీవలి నిబంధనలను చూస్తే మూడు తరగతులు కనిపిస్తాయి.

మొదటి తరగతి, ఒక సీసా వరకు ఒప్పుకునేవి. కార్నివాల్ లైన్ ఓడలలో 21 ఏళ్ళు నిండిన ప్రతి ప్రయాణికుడు ఒక 750 మిల్లీలీటర్ల సీల్డు వైను లేదా షాంపేన్ సీసా తీసుకురావచ్చు. ఎక్కే మొదటి రోజునే తీసుకురావాలి. చేతి సంచీలోనే ఉండాలి, కూలీకి అప్పగించే పెట్టెలో ఉండరాదు. రాయల్ కరీబియన్ కూడా మొదటి రోజున తలకు ఒక సీసా అనుమతిస్తున్నది. ప్రిన్సెస్ ఓడలలో మొదటి సీసాను గదిలోనే తాగితే రుసుము లేదు. అదనంగా తెచ్చే సీసాలకు రుసుము ఉన్నది.

రెండవ తరగతి, ఎన్ని సీసాలైనా తెమ్మని, సీసాకు ఇంత అని పుచ్చుకునేవి. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఈ కోవలోది. 750 మిల్లీలీటర్ల సీసాకు 15 డాలర్లు, దానికి రెట్టింపు పరిమాణం గల పెద్ద సీసాకు 30 డాలర్లు దాని ధర. దీనినే కార్కేజి అంటారు. మన మాటలో బిరడా రుసుము అనవచ్చు. బిరడా తీసినందుకు, గ్లాసు ఇచ్చి కడిగినందుకు తీసుకునే కూలి అని పేరు. నిజానికి అది, తన సరుకు కొననందుకు కంపెనీ వేసే చుంగం. ఊరి పొలిమేరలో మునిసిపాలిటీలు ఒకప్పుడు వసూలు చేసిన ఆక్ట్రాయి గుర్తున్నవారికి ఇది వెంటనే బోధపడుతుంది.

మూడవ తరగతి, ఉదారంగా ఉండేవి. డిస్నీ ఓడలలో పెద్దవారు తలకు రెండు వైను సీసాలు లేక ఆరు బీర్లు తేవచ్చు. మొదటి రోజునే కాక, దారిలో ఆగిన ప్రతి రేవులోనూ ఈ వెసులుబాటు ఉన్నది. వైకింగ్ కంపెనీ పరిమితీ పెట్టదు, రుసుమూ తీసుకోదు. అయితే వైకింగ్ టిక్కెట్టు ధర తక్కువేమీ కాదు. అక్కడ చుంగం టిక్కెట్టులోనే కలిసి ఉన్నదని మార్కెట్ తెలిసినవారు గ్రహించగలరు.

ఈ నియమాలన్నీ ప్రధానంగా వైనుకు సంబంధించినవి. విస్కీ, బ్రాందీ, రమ్ము వంటి సరుకును గదిలో తాగడానికి తెచ్చుకోవడం దాదాపు అన్ని పెద్ద కంపెనీలలో నిషిద్ధం. పట్టుబడిన సీసాను కొన్ని కంపెనీలు చివరి రోజున తిరిగి ఇస్తాయి. కొన్ని పారబోస్తాయి. ఇంట్లో వండిన తినుబండారాల మీద కూడా నిషేధం ఉండడం మనవారు గమనించవలసిన సంగతి. ఆవకాయ జాడీ వైను సీసాకన్నా ముందు గేటు దగ్గర ఆగిపోవచ్చు.

కాగితం మీద లెక్క

ఇక గిట్టుబాటు సంగతి. కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. డాలరును 90 రూపాయలుగా పెట్టుకుందాం. ఒక సీసా వైనును బయట 900 రూపాయలకు కొన్నామనుకుందాం. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు అయిదు వస్తాయి.

బిరడా రుసుము 15 డాలర్లు అంటే 1,350 రూపాయలు. సీసా ఖరీదుతో కలిపి 2,250. గ్లాసు ఒక్కింటికి 450 రూపాయలు పడింది.

అదే గ్లాసు ఓడలో 12 డాలర్లనుకుందాం. దానిపై నూటికి 20 వంతున సర్వీసు రుసుము కలిస్తే 14 డాలర్ల 40 సెంట్లు. అంటే 1,296 రూపాయలు. అయిదు గ్లాసులకు 6,480 రూపాయలు. రుసుము చెల్లించిన తరువాత కూడా సొంత సీసా మీద 4,230 రూపాయలు మిగులు కనిపిస్తున్నది. రుసుము లేకుండా గదిలో తాగితే మిగులు 5,580.

అయితే ఓడలో గ్లాసుల లెక్కన కాక సీసా పళంగా కొనేవారూ ఉన్నారు. ఓడలో ఒక సాధారణ సీసా 40 డాలర్లనుకుంటే, సర్వీసు రుసుముతో 48 డాలర్లు, అంటే 4,320 రూపాయలు. అప్పుడు మిగులు 2,070కి దిగిపోతుంది. మన సీసా మరీ చవకదైతే, ఉదాహరణకు 400 రూపాయలదైతే, దాని మీద కట్టే రుసుమే అసలు ధరకు మూడు రెట్ల పైన. 400 రూపాయల సరుకును 1,750 పెట్టి తాగినట్టు లెక్క. రుసుము సీసాకు గాని ధరకు కాదు గనుక, తీసుకుపోదలచినవారు మేలు రకం తీసుకుపోవడమే వ్యాపార నీతి.

కంపెనీలు అమ్మే పానీయాల ప్యాకేజీని కూడా ఈ త్రాసులోనే వేయాలి. రోజుకు 60 డాలర్లు, సర్వీసు రుసుముతో 72 అనుకుందాం. నాలుగు రోజులకు 288 డాలర్లు, అంటే 25,920 రూపాయలు. ఒక గదిలోని పెద్దవారిలో ఒకరు తీసుకుంటే రెండోవారూ తీసుకోవాలనే షరతు కొన్ని కంపెనీలలో ఉన్నది. అప్పుడు దంపతులకు 51,840 రూపాయలు. గ్లాసు 14 డాలర్ల 40 సెంట్ల చొప్పున 72 డాలర్లకు సరిగ్గా అయిదు గ్లాసులు. అంటే తలకు రోజుకు ఒక నిండు సీసా తాగితే తప్ప ప్యాకేజీ సొమ్ము తిరిగిరాదు. దంపతులలో ఒకరు తాగనివారైతే వారి వాటా మొత్తం కంపెనీకి నికర లాభం. నాలుగు రోజులకు రెండు సీసాలతో సరిపెట్టుకునే కుటుంబం, తలకు ఒక సీసా అనుమతించే ఓడ ఎక్కితే, ప్యాకేజీ జోలికి పోనవసరం లేదు.

విశాఖ రేవులో పరిస్థితి

పైన చెప్పిన మిగులు అంతా సీసాను రానిచ్చే ఓడలకు సంబంధించినది. మన తీరంలో పరిస్థితి వేరు.

విశాఖపట్నంలో సుమారు 96 కోట్ల రూపాయల ఖర్చుతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌కు 2023 సెప్టెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే విదేశీ నౌక అక్కడికి వచ్చింది. అది మామూలు విహార నౌక కాదు. అందులోని నివాసాలు వాటిలో ఉండేవారి సొంత ఆస్తి. ఇల్లే తనదైన చోట సీసా ఎవరిదన్న ప్రశ్న వేరే రూపం తీసుకుంటుంది. సామాన్య తెలుగు ప్రయాణికునికి అందుబాటులోకి వచ్చింది మాత్రం కార్డీలియా కంపెనీ నౌక 'ఎంప్రెస్'. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అనే పేరుతో ఫ్రాన్సు దేశపు సెయింట్ నజేర్‌లో తయారైన ఈ ఓడ 48,000 టన్నుల పైచిలుకు. రాయల్ కరీబియన్ వద్ద చాలాకాలం పనిచేసి, చేతులు మారి, 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి భారత తీరంలో తిరగడం ఆరంభించింది. 2022 జూన్‌లో మొదటిసారి విశాఖ వచ్చింది.

ఈ నౌక బయటి మద్యాన్ని అనుమతించదు. రుసుము చెల్లిస్తాననే బేరానికీ తావు లేదు. భోజనం టిక్కెట్టులో కలిసి ఉంటుంది. మద్యానికి వేరుగా చెల్లించుకోవాలి, లేదా ప్యాకేజీ కొనుక్కోవాలి. అంటే విశాఖలో ఎక్కే ప్రయాణికుడు పైన వేసిన లెక్కలో మిగులు భాగాన్ని కొట్టివేసుకుని, ఖర్చు భాగాన్ని మాత్రమే బడ్జెట్టులో వేసుకోవాలి. టిక్కెట్టు చవక అని ఎక్కి, దిగేటప్పుడు బిల్లు చూసుకుని నిర్ఘాంతపోవడంకన్నా ముందే లెక్క వేసుకోవడం మేలు.

భారత తీరంలో పోటీ లేకపోవడం ఇందుకు ఒక కారణంగా కనిపిస్తున్నది. మయామీలో ఒక కంపెనీ సీసా వద్దంటే ప్రయాణికుడు పక్క కంపెనీ ఓడ ఎక్కగలడు. అక్కడ సీసా నియమం కూడా బేరంలో ఒక భాగం. విశాఖ రేవుకు నాలుగు కంపెనీల ఓడలు పోటీపడి వచ్చిన నాడే ఇక్కడా బిరడా రుసుము అనే మాట వినిపించే అవకాశం ఉన్నది.

సుంకం లేని మద్యం ఎక్కడ?

ఓడలో మద్యం సుంకం లేకుండా చవకగా దొరుకుతుందనే నమ్మకం మనవారిలో ఉన్నది. ఇది పూర్తిగా నిజం కాదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 87వ సెక్షను ప్రకారం, విదేశీయానం చేసే నౌక మీద దిగుమతి సామగ్రిని సుంకం చెల్లించకుండా వినియోగించవచ్చు. నౌక ఒక భారతీయ రేవు నుంచి మరో భారతీయ రేవుకు తీరయానం చేస్తున్నప్పుడు ఈ మినహాయింపు వర్తించదు. విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య తిరిగే నౌకలో విదేశీ వైను మీద సుంకం భారం పడేది అందువల్లనే.

ఆ భారం చిన్నది కాదు. విదేశీ వైను మీద మన దేశంలో మొత్తం దిగుమతి సుంకం చాలాకాలంగా నూటికి 150 వంతు. 2021 బడ్జెటులో మూల సుంకాన్ని 50 శాతానికి తగ్గించినా, దానిపై 100 శాతం వ్యవసాయ సెస్సు వేయడంతో మొత్తం 150 దగ్గరే నిలిచింది. 10 డాలర్ల సీసా రేవు దాటేసరికి 25 డాలర్లవుతుంది. రాష్ట్ర పన్నులు, దుకాణదారు కమీషను ఆ పైన. ఆస్ట్రేలియాతో కుదిరి 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన ఒప్పందం కొంత ఊరట. దాని ప్రకారం 5 డాలర్లకు మించిన ఆస్ట్రేలియా వైను సీసాపై సుంకం 100 శాతానికి, 15 డాలర్లకు మించినదానిపై 75 శాతానికి దిగింది. పదేళ్ళలో ఇవి క్రమంగా 50, 25 శాతాలకు తగ్గవలసి ఉన్నది.

విదేశీ రేవుకు పోయి వచ్చే యాత్ర అయితే లెక్క మారుతుంది. కార్డీలియా నౌక 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు ప్రయాణం సాగించింది. అటువంటి యాత్రలో తిరిగివచ్చే ప్రయాణికునికి బ్యాగేజీ నియమాల ప్రకారం రెండు లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకునే వీలున్నది. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు కొని దిగితే లీటరున్నర. మూడో సీసాతో రెండుంబావు లీటర్లయి పరిమితి దాటుతుంది. అమెరికాలో తిరిగి దిగేవారికి 21 ఏళ్ళు నిండితే సాధారణంగా ఒక లీటరు వరకు ఫెడరల్ సుంకం లేదు. అయితే గాల్వెస్టన్‌లో దిగేవారు టెక్సాస్ రాష్ట్ర మద్య శాఖవారి బల్ల ముందు కూడా ఆగాలి. దింపిన సీసాలపై రాష్ట్ర పన్ను అక్కడ వేరుగా వసూలు చేస్తారు. ఒకే సీసాకు ఇద్దరు సుంకరులు అన్నమాట.

పుదుచ్చేరి సీసాతో చిక్కు

మనవారికి అసలు ప్రమాదం ఉన్నది ఓడ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఒక రాష్ట్రంలో పన్ను చెల్లించిన సీసా పొరుగు రాష్ట్రం దృష్టిలో పన్ను చెల్లించని సీసా. పుదుచ్చేరిలో పన్నులు తక్కువ గనుక సరుకు చవక. గోదావరి జిల్లాల వారికి ఇది యానాం అనుభవమే. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన ఆ చిన్న పట్టణం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే. యానాంలో సక్రమంగా కొన్న సీసా పొలిమేర దాటగానే అక్రమమైపోవడం అక్కడివారు ఎరిగిన సంగతి. విహార నౌక ఆ పొలిమేరనే విశాఖ రేవుకు తెచ్చిపెట్టింది. పుదుచ్చేరిలో ఒడ్డున చవకగా కొన్న సీసాతో విశాఖలో దిగితే, ప్రయాణం సముద్రం మీద జరిగిందన్నది సమాధానం కాజాలదు.

2020లో ఈ విషయం రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్ళింది. ఇతర రాష్ట్రాల నుంచి మూడు సీసాల వరకు వెంట తెచ్చుకోవచ్చునని ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు చెప్పింది. తరువాతి నెలలోనే ప్రభుత్వం నిబంధన సవరించి, అలా తేవడానికి పర్మిటు అవసరమన్నది. 2024 అక్టోబరు నుంచి రాష్ట్రంలో ప్రైవేటు దుకాణాల విధానం తిరిగి వచ్చింది. దుకాణం ఎవరిదైనా, పొరుగు సీసా మీద రాష్ట్రానికి ఉన్న అధికారం పోలేదు. ప్రయాణానికి ముందు ఎక్సైజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అడగకపోతే అయ్యే ఖర్చు చాలా ఉన్నది.

మద్యం, జూదం అంటే పుదుచ్చేరికి కూడా అభ్యంతరాలు లేకపోలేదు. 2022 జూన్‌లో ఇదే నౌక పుదుచ్చేరి తీరానికి వచ్చినప్పుడు, ఓడ మీది జూదశాల మొదలైన వాటిపై ఆక్షేపణలు రావడంతో అక్కడి ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. టిక్కెట్టులో పుదుచ్చేరి అని ఉన్నా ప్రయాణికులు ఊరు చూడలేకపోయారు. 2025 జులైలో గాని నౌకకు అక్కడ స్వాగతం లభించలేదు. లక్షద్వీప్‌లో బంగారం దీవి మినహా మద్యనిషేధం అమలులో ఉంటూ వచ్చింది. సముద్రం ఒక్కటే అయినా ప్రతి రేవుకూ తన చట్టం తనకున్నది.

దొడ్డిదారులు

సీసా నియమాన్ని తప్పించుకునే ఉపాయాలు ఓడలంత పాతవే. పుక్కిలించే మందు సీసాలో రంగు కలిపిన ఓడ్కా, షాంపూ డబ్బాలో రమ్ము, ప్లాస్టిక్ సంచుల్లో విస్కీ అనేకమంది ప్రయత్నించినవే. పెట్టెలన్నీ ఎక్స్‌రే యంత్రం కింద నుంచి పోతాయి. ద్రవం ఉన్నచోటు తెరమీద కనిపిస్తుంది. అనుమానం వస్తే పెట్టె గదికి రాదు. యజమానిని పిలిచి తెరిపిస్తారు. తీవ్రమైన సందర్భాలలో ప్రయాణికుణ్ణి దింపివేసే అధికారం కూడా టిక్కెట్టు షరతులలో కంపెనీ తన చేతిలో ఉంచుకుంటుంది. టిక్కెట్టు సొమ్ముతో పోలిస్తే సీసా మీద మిగిలేది స్వల్పం. ఇంత చిన్న లాభానికి అంత పెద్ద పెట్టుబడిని పణం పెట్టడం ఏ వర్తకుడూ చేయదగిన పని కాదు.

న్యాయంగా తీసుకుపోయేవారు కూడా సరుకు స్వభావం తెలుసుకోవాలి. వైను వేడికి తట్టుకోదు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో సీసా కాగితే లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, రుచి చెడుతుంది. తరువాత చల్లబరిచినా పోయిన రుచి తిరిగిరాదు. అట్టపెట్టెలో వచ్చే వైనును చాలా కంపెనీలు అనుమతించవు. సీలు విప్పిన సీసాను ఏ కంపెనీ ఒప్పుకోదు. విమానంలో రేవు దాకా పోయేవారు సీసాను చెకిన్ పెట్టెలో పెట్టి, ఓడ ఎక్కేటప్పుడు చేతి సంచీలోకి మార్చుకోవాలి. ఈ మార్పు మరచి సీసా పోగొట్టుకునేవారు లేకపోలేదు.

అనకాపల్లి పాఠం

గుమ్మం ధరను నిర్ణయిస్తుందనే సూత్రం ఈ జిల్లా వర్తకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. దేశంలోనే పేరెన్నికగన్న అనకాపల్లి బెల్లం మార్కెట్టులో రంగునుబట్టి రకం, రకాన్నిబట్టి ధర. నల్లబెల్లం కూడా చెరకునుంచి వచ్చినదే. అయినా నాటుసారా బట్టీలకు పోతుందనే అనుమానం తగిలిన క్షణం నుంచి దాని రవాణాకు తనిఖీలు, దాని వర్తకానికి కేసులు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు, 1997లో అది సడలినప్పుడు సరుకు అదే. చట్టం గీసిన గీత జరిగినప్పుడల్లా ధరా జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించి ఆరంభించిన ఉద్యమం ఆ మార్పులన్నిటికీ మూలం. మద్యం ధరలో కుటుంబాల కన్నీటి ఖర్చు కూడా ఉంటుందని ఈ రాష్ట్రానికి వారే లెక్క చెప్పారు. ఓడ మీది బిల్లులో ఆ పద్దు కనిపించదు గాని, అపరిమిత ప్యాకేజీ కొని సొమ్ము రాబట్టుకోవడానికి తాగేవారు దాన్ని ఇంటికి వచ్చాక చెల్లిస్తారు.

విహార నౌకల వ్యాపారం మన దేశంలో ఇంకా లేతదశలో ఉన్నది. కార్డీలియాను నడిపే వాటర్‌వేస్ లీజర్ టూరిజం కంపెనీ 727 కోట్ల రూపాయల వాటాల జారీకి 2025లో సెబీ వద్ద ముసాయిదా పత్రం దాఖలు చేసింది. వాటాలు కొనదలచినవారు టిక్కెట్ల రాబడి ఎంత, ఓడ మీది రాబడి ఎంత అన్నది విడిగా చూడాలి. సీసాను గేటు దగ్గరే ఆపే నియమం వాటాదారుకు రాబడి, ప్రయాణికునికి ఖర్చు.

మొత్తంమీద ప్రస్తుత స్థితి ఇది. అమెరికా రేవుల్లో ఎక్కే తెలుగువారికి తలకు ఒక మంచి సీసా వైను వెంట తీసుకుపోవడం గిట్టుబాటే. రుసుము కట్టినా గిట్టుబాటే. చవక సీసాకు గిట్టదు. ప్యాకేజీ మితంగా తాగేవారికి గిట్టదు. విశాఖలో ఎక్కేవారు సీసా ఇంట్లో వదిలి, పానీయాల ఖర్చును టిక్కెట్టు ధరలో కలిపి చూసుకోవాలి. పుదుచ్చేరిలో చవక అని కొనేవారు, సీసా సంచీలో పెట్టుకునే ముందు విశాఖ రేవు గేటును ఒకసారి తలచుకోవడం మంచిది.